ఎడమ గీత వెంట... అమ్ముగూడ బలరాం

ఆడింది పట్టుమని పదేళ్లు లేదు. ఆ తర్వాత బతికింది మాత్రం అరవై ఏళ్లు. ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టి, ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చి, ఇరవై ఏడేళ్లు నిండేసరికి బూట్లు విప్పేసిన సికింద్రాబాద్ కుర్రాడి కథ ఇది.

కదిరిలో సాయంత్రం పూట ఏ బడి మైదానం వైపు వెళ్లినా క్రికెట్ బ్యాట్ల చప్పుడే ముందు వినిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే ఓ మూలన ఫుట్‌బాల్ కూడా కనిపిస్తుంది. గడ్డి మొలవని నేల, నాలుగు చెప్పుల్ని పెట్టి గీసుకున్న గోలు, ఎర్రదుమ్ము లేపుకుంటూ బంతి వెంట పరుగెత్తే పది పన్నెండు మంది పిల్లలు. చొక్కాల వీపు మీద మెస్సి, రొనాల్డో పేర్లు. వాళ్ల జాతకాలన్నీ పిల్లలకి కంఠతా వచ్చు. కానీ 'మన తెలుగు రాజధాని నుంచి వెళ్లి ఒలింపిక్స్‌లో రెండు గోల్స్ కొట్టినవాడు ఎవరు?' అని అడిగి చూడండి. పిల్లలే కాదు, పెద్దలూ తెల్లమొహం వేస్తారు.

ఆయన పేరు తులసీదాస్ బలరాం. 1950ల చివర్లో, 60ల మొదట్లో భారత ఫుట్‌బాల్ అంటే మూడు పేర్లు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. కలకత్తా జనం వాళ్లని త్రిమూర్తులన్నారు. కుడివైపు పి.కె., మధ్యలో చునీ, ఎడమవైపు బలరాం. మొదటి ఇద్దరూ బెంగాల్ వాళ్లు. మూడోవాడు మాత్రం దక్కన్ పీఠభూమి నుంచి రైలెక్కి వెళ్లినవాడు.

గీత పక్కన ఉండేవాడు

బలరాం గురించి చెప్పుకునే ముందు వింగర్ అంటే ఎవరో తెలుసుకోవాలి. టీవీలో మ్యాచ్ చూసేటప్పుడు మన కళ్లు బంతితో పాటు గోలు దగ్గరికే వెళ్తాయి. కానీ ఆ బంతి అక్కడిదాకా ఎలా వచ్చిందో వెనక్కి తిప్పి చూస్తే, చాలాసార్లు మైదానం అంచున తెల్లగీత పక్కన పరుగెత్తే ఒక మనిషి కనిపిస్తాడు. దాదాపు నూరు మీటర్ల గీత అది. దాని వెంట పైకి పరుగెత్తాలి. ఎదుటి జట్టు బ్యాక్‌ని ఊరించి తనవైపు లాక్కోవాలి. ఒక్క మెలికతో అతన్ని దాటాలి. గోలు ముందున్న తనవాడి తల మీదికి బంతిని ఎత్తి వేయాలి. పోగొట్టుకుంటే మళ్లీ కిందికి పరుగు. గోలు కొట్టినవాడి పేరు మర్నాడు పేపర్లో వస్తుంది. బంతి అందించినవాడి పేరు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. వంటింటి పనితో పోల్చితే ఇల్లాళ్లకి బాగా అర్థమవుతుందేమో!

ఆ రోజుల్లో ముందు వరసలో ఐదుగురు ఉండేవారు. ఎడమ అంచున లెఫ్ట్ ఔట్, అతని పక్కన ఇన్‌సైడ్ లెఫ్ట్, నడిమధ్య సెంటర్ ఫార్వర్డ్, అటుపక్క మరో ఇద్దరు. బలరాం ఎడమవైపు ఈ రెండు చోట్లా ఆడారు. అవసరమైతే నడిమధ్యలోనూ నిలబడ్డారు. ఎక్కడ పెట్టినా ఆడతాడన్న నమ్మకం కోచ్‌లకి ఉండేది. అందుకే ఆయన బంతి అందించడంతో ఆగలేదు, గోల్స్ కూడా కొట్టారు. ఒక్క ఈస్ట్ బెంగాల్ క్లబ్బు తరఫునే నూరుకు పైగా!

అద్దె సైకిలు మీద...

బలరాం 1936 అక్టోబరు 4న సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో పుట్టారు. తమిళ మూలాలున్న పేద కుటుంబం. చుట్టూ కంటోన్మెంట్. సిపాయిల బ్యారకులు, వాళ్ల మైదానాలు. సాయంత్రమైతే సిపాయిలు ఫుట్‌బాల్ ఆడేవారు, చుట్టుపక్కల పిల్లలు గీత అవతల నిలబడి చూసేవారు. బయటికి వచ్చిన బంతిని తన్నే అవకాశం కోసం ఎదురుచూస్తూ ఆట నేర్చుకున్న తరం అది. కడుపు నిండడమే కష్టమైన ఇంట్లో బూట్లు కొనివ్వమని అడిగే పరిస్థితి ఎక్కడిది? ఇంట్లోవాళ్లు కోరుకునేదల్లా పిల్లవాడికి ఏదో ఒక సర్కారు కొలువు. మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే మాటే కదా... 'ఆటలు కూడు పెడతాయా?'

బలరాం విషయంలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పింది ఓ బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ వాళ్లకి రహీం సాబ్. ఉపాధ్యాయుడిగా మొదలై, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకీ, భారత జట్టుకీ శిక్షకుడైన మనిషి. ఆయన చేతిలో పడ్డాక సిటీ పోలీసులు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు. ఆయన పద్ధతులు చిత్రంగా ఉండేవి. కుడికాలి వాటం ఉన్నవాళ్లు ఎడమ కాలితోనే ఆడాలంటూ పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గర అట్టే పెట్టుకోకుండా వెంటనే పక్కవాడికి ఇచ్చెయ్యాలంటూ ఇంకో పోటీ. పొట్టివాళ్ల కోసం విడిగా మరొకటి. అప్పుడు అవి వింతగా తోచినా, ఇవాళ ప్రపంచమంతా పిల్లలకి నేర్పుతున్నది అదే.

రహీం సాబ్ కంట్లో బలరాం పడింది 1955 ప్రాంతంలో. శిక్షణకి రమ్మన్నారు. మైదానం ఉన్నది హైదరాబాద్ నడిబొడ్డున. అమ్ముగూడ నుంచి రోజూ రావడానికి దారి ఖర్చులకే డబ్బుల్లేవు. ఈ సంగతి తెలిసి రహీం సాబే సైకిలు అద్దె డబ్బులు సర్దారని హైదరాబాద్ ఫుట్‌బాల్ పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. రానూ పోనూ అంత దూరం సైకిలు తొక్కి, మధ్యలో మైదానంలో గంటల తరబడి పరుగులు. కండ పట్టిందంటే పట్టదా మరి!

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. 1956-57లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. జాతీయ ఛాంపియన్లన్నమాట. మరుసటి ఏడాదీ కప్పు మనదే. ఈలోపే బలరాంకి భారత జట్టు నుంచి పిలుపొచ్చింది. అదీ ఎక్కడికి? మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి.

తొంభై నిమిషాల్లో మారిన లెక్క

అప్పటికి నాలుగేళ్ల క్రితం, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. చాలామంది వట్టికాళ్లతో ఆడారు. చలి నేల మీద ఆ కాళ్లకి పట్టు దొరకలేదు. ఆ అవమానంతోనే మన సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. 1956లో రహీం సాబ్ తీసుకెళ్లిన జట్టులో హైదరాబాద్ కుర్రాళ్లు గుంపుగా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సరిగ్గా నెల. డిసెంబరు 1న భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు మనది. ఆ తర్వాత యుగోస్లావియా చేతిలో 4-1తోనూ, కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3-0తోనూ ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు. ఇరవై ఏళ్ల బలరాంకి ప్రపంచం చూపించిన ప్రయాణం అది.

తిరిగొచ్చేసరికి కలకత్తా ఎదురుచూస్తోంది.

కలకత్తాలో ఫుట్‌బాల్ ఆట కాదు, ఇంటింటి వ్యవహారం. దేశ విభజనకు ముందూ వెనకా తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఈస్ట్ బెంగాల్ పక్షం. అక్కడే పుట్టి పెరిగినవాళ్లు మోహన్ బగాన్ పక్షం. ఈస్ట్ బెంగాల్ గెలిచిన రోజు మార్కెట్లో పులస జాతికి చెందిన ఇలిష్ చేప ధర ఎక్కుతుంది. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యల ధర! అంతటి పట్టింపు ఉన్న ఊరికి తమ జట్టు కోసం దక్షిణాది నుంచి ఆటగాళ్లని తెచ్చుకోవడం కొత్తేం కాదు. బలరాం కంటే ముందే ఈస్ట్ బెంగాల్‌లో వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. అభిమానులు వాళ్లకి పెట్టుకున్న పేరు 'పంచపాండవులు'.

1957లో బలరాం ఆ క్లబ్బులో చేరారు. అప్పట్లో మన ఫుట్‌బాల్ పేరుకు అమెచ్యూర్. ఇప్పటిలా కోట్ల కాంట్రాక్టులు లేవు. క్లబ్బు ఉండడానికి చోటు చూపిస్తుంది, చేతి ఖర్చులకి ఇస్తుంది, అదృష్టం బాగుంటే ఎక్కడో ఓ ఉద్యోగం దొరుకుతుంది. అయినా పేదింటి పిల్లవాడికి అదే కొండంత అండ. హైదరాబాద్‌లో గొప్ప ఆటగాళ్లున్నారు, గొప్ప గురువున్నాడు. కానీ ఆటగాణ్ణి పోషించే డబ్బూ, రోజూ మైదానం నింపే జనమూ కలకత్తాలో ఉన్నాయి. మనవాళ్లు ఒక్కొక్కరే తూర్పు దారి పట్టడానికి కారణం అదే. అభిమానం లేక వెళ్లలేదు, అవసరం కొద్దీ వెళ్లారు.

వెళ్లినవాడు అక్కడ అతిథిలా ఉండిపోలేదు. 1958లో ఐఎఫ్‌ఏ షీల్డ్, 1960లో డ్యూరాండ్ కప్పు మోహన్ బగాన్‌తో కలిసి. నిన్నటిదాకా హైదరాబాద్ తరఫున ఆడినవాడు 1958-59లో బెంగాల్ చొక్కా వేసుకుని మళ్లీ సంతోష్ ట్రోఫీ అందుకున్నారు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. ఆ క్లబ్బు కలకత్తా లీగ్ గెలిచి అప్పటికి తొమ్మిదేళ్లయింది. ఆ ఏడాది గెలిచింది. లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 23 గోల్స్ కొట్టినవాడు కెప్టెనే. షీల్డ్‌ని మోహన్ బగాన్‌తో పంచుకున్నారు. బెంగాలీల పంతాలకి నిలయమైన ఆ క్లబ్బుకి, బెంగాలీ కాని ఓ అమ్ముగూడ కుర్రాడు నాయకుడై కప్పు తేవడం చిన్న సంగతి కాదు.

రోమ్ నుంచి జకార్తా దాకా

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కి పడిన గ్రూపు చూస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. హంగరీ, ఫ్రాన్స్, పెరూ. మొదటి మ్యాచ్ ఆగస్టు 26న లాక్విలా పట్నంలో హంగరీతో. వాళ్ల జట్టులో ఫ్లోరియన్ ఆల్బర్ట్ ఉన్నాడు. తర్వాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా 'బాలన్ డోర్' గెలుచుకున్నవాడు. హంగరీ రెండు గోల్స్ కొట్టింది, ఒకటి ఆల్బర్ట్‌దే. ఇక అయిపోయిందనుకున్న సమయంలో, 79వ నిమిషంలో బలరాం గోలు కొట్టారు. 2-1తో ఓడినా, ఆఖరి పది నిమిషాలు హంగరీని కంగారు పెట్టారు మనవాళ్లు. ఆ హంగరీయే ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలుచుకుంది.

మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. కెప్టెన్ పి.కె. గోలు కొట్టాడు. పెరూ చేతిలో 3-1తో ఓడిపోయాం. ఆ ఒక్క గోలూ బలరాందే. అంటే రోమ్‌లో భారత్ కొట్టినవి మూడు గోల్స్, అందులో రెండు ఆయనవి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత ఇప్పటిదాకా భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ప్రధాన పోటీల్లో అడుగు పెట్టలేదు. కాబట్టి ఒలింపిక్స్‌లో భారత్ తరఫున చివరి గోలు కొట్టిన మనిషి ఎవరంటే... ఇప్పటికీ బలరామే.

రెండేళ్లు తిరిగేసరికి 1962 జకార్తా ఆసియా క్రీడలు. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. జట్టు కెప్టెన్ చునీ గోస్వామి. మొదటి మ్యాచే దెబ్బ కొట్టింది. దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ని 4-1తో, జపాన్‌ని 2-0తో ఓడించారు. రెండు మ్యాచ్‌ల్లోనూ బలరాం గోలు ఉంది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే పడుకోబెట్టేవారు. రహీం సాబ్ అతణ్ణి కట్టుతోనే సెమీఫైనల్‌లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు! దక్షిణ వియత్నాంతో ఆ మ్యాచ్ 3-2తో గట్టెక్కింది.

సెప్టెంబరు 4. ఫైనల్ మళ్లీ దక్షిణ కొరియాతో. సెనయన్ స్టేడియం కిక్కిరిసిపోయింది. ఆ జనం మనకి శత్రువులైపోయారు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లని ఇండోనేషియా రానివ్వలేదు. దాన్ని తప్పుపడుతూ అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలోని భారత సభ్యుడు జి.డి.సోంధీ గట్టిగా మాట్లాడారు. ఆ కోపమంతా మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. మన జాతీయ గీతం వినబడకుండా జనం గోలపెట్టారు. ఆ హోరులోనే 17వ నిమిషంలో పి.కె. గోలు, ఇంకో మూడు నిమిషాలకి కుట్లు పడ్డ తలతో జర్నైల్ గోలు. కొరియా చివర్లో ఒకటి కొట్టినా లాభం లేకపోయింది. 2-1. బంగారు పతకం మనది. గోలు కాపు పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే. ఎడమ అంచుల్లో పరుగులు తీసిన బలరాం, ఆయనతో పాటు ముందు వరసలో యూసుఫ్ ఖాన్... ఇద్దరూ రహీం సాబ్ శిష్యులే.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కి బంగారం ఆ తర్వాత రాలేదు. ఆ ఏడాదే బలరాంకి అర్జున పురస్కారం ఇచ్చారు. ఆయన వయసు అప్పుడు ఇరవై ఆరు.

ఊపిరే ఎదురు తిరిగితే...

1963లో బలరాం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకి మారారు. కలకత్తా వాళ్లు బీఎన్‌ఆర్ అని పిలిచే ఈ జట్టులో చేరితే ఆటతో పాటు రైల్వే ఉద్యోగం. అమ్ముగూడ ఇంట్లో ఎప్పుడో కోరుకున్న సర్కారు కొలువు ఎట్టకేలకు దొరికింది. అదే ఏడాది జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. అదే ఏడాది బలరాం ఆట కూడా ఆగిపోయింది.

జబ్బు పేరు ప్లూరసీ. ఊపిరితిత్తుల్ని చుట్టి ఉండే పల్చటి పొర వాచిపోతుంది. లోపలికి గాలి పీల్చినప్పుడల్లా పక్కలో కత్తితో పొడిచినట్టు నొప్పి. మామూలు మనిషి నాలుగు వారాలు మందులు వాడి, విశ్రాంతి తీసుకుని తన పనిలో తాను పడతాడు. గీత వెంట నూరు మీటర్లు పైకీ కిందికీ పరుగెత్తేవాడికి అది కుదరదు. కాలు విరిగినా కట్టు కట్టి అతికించవచ్చు. ఊపిరే అందకపోతే వింగర్ ఏం చేస్తాడు? వైద్యులు ఆట మానేయమన్నారు. మానేశారు.

ఇరవై ఏడేళ్లు! ఫుట్‌బాల్ ఆటగాడికి నిజానికి అప్పుడే సిసలైన కాలం మొదలవుతుంది. అనుభవం, సత్తువ రెండూ ఒక్కచోట కలిసే వయసు. 1964లో భారత్ ఆసియా కప్పులో రెండో స్థానంలో నిలిచింది. బలరాం ఆ జట్టులో లేరు. చునీ కూడా 1964లోనే అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి తప్పుకున్నారు కానీ, ఆయనకి క్రికెట్ ఉంది. బెంగాల్‌కి రంజీ కెప్టెన్‌గా 1971-72లో జట్టుని ఫైనల్ దాకా తీసుకెళ్లారు. పి.కె. దేశంలోనే పేరుమోసిన కోచ్ అయ్యారు. ఇద్దరూ రేడియోలో, టీవీలో, పేపర్లలో కనిపిస్తూనే ఉన్నారు. బలరాం స్వభావం వేరు. బీఎన్‌ఆర్‌లో ఉద్యోగం చేసుకున్నారు, ఆ జట్టుకీ, నగరంలోని కుర్రాళ్లకీ ఆట నేర్పారు. వేదికలెక్కి తన గురించి చెప్పుకోవడం ఆయనకి చేతకాలేదు. నచ్చని మాట నచ్చలేదని మొహం మీదే చెప్పేయడం మాత్రం బాగా వచ్చు. లోకంలో ఈ రెండు గుణాలూ కలిస్తే ఏమవుతుందో మనకి తెలియంది కాదు.

1983లో చునీకి పద్మశ్రీ వచ్చింది. 1990లో పి.కె.కి వచ్చింది. త్రిమూర్తుల్లో మూడోవాడికి రాలేదు. ఆయన బతికుండగా ఎప్పుడూ రాలేదు. ఈ విషయం ఆయన్ని చాలా నొప్పించింది. పైకి నవ్వేసి దాచుకునే మనిషి కాదు కాబట్టి, అడిగిన విలేకరులకి ఆ బాధని తీవ్రంగానే చెప్పేవారు. తను కెప్టెన్‌గా కప్పు తెచ్చిన క్లబ్బుకి కూడా చివరి సంవత్సరాల్లో దూరంగానే ఉండిపోయారు. ఆయన పట్టుదల ఎక్కువన్నవాళ్లూ ఉన్నారు. కావచ్చు. కానీ దేశంలోనే మేటి అనిపించుకున్న వయసులో ఆట చేజారిపోయిన మనిషికి, మిగిలేది ఆ ఆట తాలూకు గుర్తింపు ఒక్కటే. అది కూడా సగమే దక్కితే ఎవరికైనా మండుతుంది.

గంగ ఒడ్డు ఫ్లాటు

పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం అయిపోయాక అమ్ముగూడ తిరిగి రాలేదు. కలకత్తాకి ఆనుకుని హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉత్తరపాడా అనే ఊరుంది. అక్కడివాళ్లు ఆ నదిని గంగ అనే అంటారు. దాని ఒడ్డున ఓ ఫ్లాటులో ఒంటరిగా దశాబ్దాలు గడిపారు. ఇరుగు పొరుగువాళ్లే సాయం. బలరాం అంటే ఎవరో తెలిసినవాళ్లు అప్పుడప్పుడూ వచ్చి పలకరించేవారు. కలకత్తా ఎంత నొప్పించినా, ఆయన్ని గుర్తుపట్టే మనుషులున్న ఊరు కూడా అదే. సొంత గడ్డ మీద మాత్రం... సికింద్రాబాద్‌లో రోజూ అమ్ముగూడ స్టేషన్ మీదుగా వెళ్లే జనంలో ఎందరికి ఆ పేరు తెలుసు?

2020 మార్చి 20న పి.కె. బెనర్జీ పోయారు. ఆరు వారాలు తిరక్కుండా ఏప్రిల్ 30న చునీ గోస్వామి. దేశమంతా కరోనా భయంతో తలుపులు మూసుకున్న రోజులవి. త్రిమూర్తుల్లో మిగిలింది ఒక్కరే.

అనంతపురం జిల్లా ఇళ్లలో ఈ కథ చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. వేరుశనగ తప్ప ఇంకోటి నమ్ముకోలేని నేల ఇది. వానలు మొహం చాటేస్తే బెంగళూరు బస్సెక్కడమే దారి. అలాంటి చోట ఆర్డీటీ సంస్థ అనంతపురంలో క్రీడా గ్రామం కట్టింది. స్పెయిన్ 'లా లిగా' తోడ్పాటుతో పల్లెల పిల్లల కోసం ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. ఆడపిల్లలు కూడా బూట్లు కట్టుకుని మైదానంలోకి దిగారు. కదిరి చుట్టుపక్కల తల్లిదండ్రుల్లో ఇప్పుడు చాలామంది బలరాం ఇంట్లోవాళ్లు అప్పట్లో ఎదుర్కొన్న ప్రశ్ననే ఎదుర్కొంటున్నారు. పిల్లవాడు బాగా ఆడుతున్నాడంటున్నారు, పంపాలా వద్దా?

బలరాం జీవితం ఆ ప్రశ్నకి సూటి జవాబివ్వదు. రోమ్ చూపించింది ఆటే. రైల్వే ఉద్యోగం ఇప్పించింది, ఆ ఉద్యోగం మీద జీవితాంతం ఎవరి ముందూ చేయి చాపకుండా బతకనిచ్చింది కూడా ఆటే. అయితే ఒక జబ్బు చాలు, అంతా ఆగిపోవడానికి. ఇవాళ ఫుట్‌బాల్‌లో డబ్బు పెరిగింది, వైద్యం పెరిగింది. 1963లో ఆయనకి దొరకని చికిత్స ఇప్పుడు జిల్లా ఆసుపత్రిలోనే దొరుకుతుంది. కానీ ఆట ముగిశాక వచ్చే రోజుల గురించి శిబిరాల్లో మాట్లాడేవాళ్లు ఇప్పటికీ తక్కువే. మెలికలు, క్రాసులు నేర్పినంత శ్రద్ధగా చదువూ, చేతిలో ఓ ఉద్యోగం సంగతీ చూసే శిక్షకుడు దొరికితే పంపడానికి వెనకాడక్కర్లేదు. రహీం సాబ్ బడిపంతులు కావడం ఉత్తినే కలిసొచ్చిన విషయం కాదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ మాత్రం ఆ వైభవాన్ని మళ్లీ చూడలేదు. మధ్యలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ అని ఒక క్లబ్బు వచ్చింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రహీం సాబ్ ఊరు మళ్లీ లేచిందని జనం సంబరపడ్డారు. అప్పులూ, బకాయిలూ ముసురుకుని 2025లో ఆ క్లబ్బు కాస్తా ఢిల్లీకి తరలిపోయింది. ఒకప్పుడు ఆటగాళ్లు ఒక్కొక్కరుగా రైలెక్కేవారు. ఈసారి క్లబ్బే ఎక్కేసింది!

2022 డిసెంబరు చివర్లో బలరాంకి ఒంట్లో బాగోలేక కోల్‌కతాలో ఆసుపత్రిలో చేర్చారు. ఏడు వారాల పాటు అక్కడే ఉన్నారు. 2023 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం, అవయవాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేయడంతో కన్నుమూశారు. వయసు 86.

రహీం సాబ్ జీవితం మీద, జకార్తా బంగారం మీద హిందీలో 'మైదాన్' సినిమా తీశారు. రహీం సాబ్‌గా అజయ్ దేవగణ్. అందులో ఎడమవైపు పరుగెత్తే బలరాం పాత్ర కూడా ఉంది. మన ఊళ్ల థియేటర్లలో, ఆ తర్వాత ఇళ్లలో ఫోన్లలో ఆ సినిమా చూసినవాళ్లు బలరాం అంటే ఎవరో మొదటిసారి తెలుసుకున్నారు. సినిమా విడుదలైంది 2024 ఏప్రిల్‌లో. అప్పటికి ఆయన పోయి పద్నాలుగు నెలలు.